నవ్వులమ్మ కొళాయి

ఈ దేశంలో ఆవిడ మొహం తెలియనివాళ్లు లేరు. ఆవిడ ఉండే వీధిలో ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. క్యాలెండర్ల మీద, తపాలా బిళ్ల మీద, నాలుగో తరగతి వాచకం అట్ట మీద కుడిచెయ్యి పైకెత్తి, నోరంతా తెరిచి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండే మనిషి ఆవిడే. అందుకే నవ్వులమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. వీధిలోవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. కాకపోతే కాస్త దూరంగా నిలబడి పిలుస్తారు. ఆవిడ నోట్లో పడితే ఎంతటివాడికైనా తేరుకోవడానికి రెండు రోజులు పడుతుంది మరి.

ఆవిడ పని దుప్పట్లు ఉతకడం. వీధి మొదట్లో ఉన్న మూడంతస్తుల లాడ్జి నుంచి రోజూ ముప్పై దుప్పట్లు, ముప్పై దిండు గలీబులు వస్తాయి. ఉతకడం ఒక పనైతే, ఉతకడానికి నీళ్లు తేవడం రెండు పనుల పెట్టు. వీధి ఎత్తు మీద ఉంది. నీళ్లొచ్చే కొళాయి తొంభై ఆరు మెట్లు దిగితే కానీ రాదు. ఆ మెట్లను ఆవిడ లెక్కపెట్టినన్నిసార్లు కట్టిన మేస్త్రీ కూడా లెక్కపెట్టి ఉండడు. అలాగని వీధిలో కొళాయి లేదనుకునేరు. ఆవిడ గుమ్మం ఎదురుగానే ఉంది. సిమెంటు దిమ్మె, ఇత్తడి మూతి, పైన ప్రారంభించినవారి పేరు చెక్కిన పాలరాతి పలక, అన్నీ ఉన్నాయి. నీళ్లే లేవు. నలభై ఏళ్లలో ఆ కొళాయికి నీళ్లొచ్చింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ సినిమా వాళ్లు ఉన్నారు.

మొదటిసారి ఆవిడకి ఇరవై మూడేళ్లు. కొళాయి ప్రారంభించడానికి మంత్రిగారు వస్తున్నారని వారం రోజుల ముందు నుంచీ వీధంతా ఒకటే హడావిడి. గోడలకి సున్నాలు వేశారు. కుక్కల్ని పక్క వీధికి తోలారు. బడిపిల్లల్ని పొద్దున్నే తెచ్చి ఎండలో నిలబెట్టారు. మంత్రిగారు వచ్చి, రిబ్బను కత్తిరించి, కొళాయి తిప్పగానే బుసబుసమంటూ నీళ్లు దూకాయి. సరిగ్గా అప్పుడే ఆవిడ తడి దుప్పటి ఆరేసుకుందామని వెనక సందులోకి వెళ్లింది. గోడ పక్కన ట్యాంకరు ఆగి ఉంది. దానికి తగిలించిన నల్లటి రబ్బరు గొట్టం గోడకి కొట్టిన కంతలో దూరి కొళాయి వెనక్కి పోతోంది. ట్యాంకరు డ్రైవరు మోటారు మీద చెయ్యేసుకుని, ఎవరైనా సైగ చేస్తే ఆపేద్దామని కాచుకుని ఉన్నాడు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. దుప్పటి అక్కడే పడేసి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, బోర్లించిన బకెట్టెక్కి, చెయ్యెత్తి మంత్రిగారి మీదికి చూపిస్తూ అందుకుంది.

“గోడ వెనక ట్యాంకరు పెట్టి మా చెవిలో పూలు పెడతావా? ఆ గొట్టం పీకి అప్పుడు తిప్పు కొళాయి! రేపు పొద్దున కూడా నీళ్లొస్తాయని నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు చూద్దాం!”

మంత్రిగారు నీళ్లు నములుతూ కారెక్కారు. పోలీసులు ఆవిడని బకెట్టు మీద నుంచి దించారు. అయితే ఈలోపు సర్కారు ఫిల్ముల ఆఫీసు నుంచి వచ్చిన కెమెరామన్ ఆ మొహాన్ని పట్టేశాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది, చెమట మెరుస్తోంది, చెయ్యి ఆకాశంలో ఉంది. అంత మంచి షాటు ఆయన సర్వీసులోనే పడలేదట.

ఇక్కడ ఆ ఆఫీసు పనితీరు కొంచెం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో వాళ్ల కెమెరాకి కళ్లే కానీ చెవుల్లేవు. బొమ్మ వీధిలో తీసేవారు, చప్పుడు ఆఫీసులో అతికించేవారు. అందుకోసం ఒక గదినిండా రేకు డబ్బాలుండేవి. ‘జనం – చప్పట్లు’, ‘జనం – జేజేలు’, ‘పిల్లలు – కేరింతలు’, ‘ఆడవాళ్లు – ఆనందం’ అని ఒక్కో డబ్బా మీదా చీటీ. ‘జనం – తిట్లు’ అనే డబ్బా లేదు. దాని అవసరం ఎప్పుడూ పడలేదు. డాక్యుమెంటరీకి చప్పుడు అతికించే ఆయన ఆవిడ మొహం చూశాడు, అలమారలో వెతికాడు, నాలుగో డబ్బా తీసి అతికించాడు. ఆయన్ని అనడానికి లేదు, పాపం. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది అదే. ఆ పైన గంభీరమైన మగగొంతు ఒకటి “ఈ నవ్వే మన దేశం” అంది. అంతే, పది నిమిషాల సినిమా తయారైంది.

అప్పట్లో ఏ హాల్లోనైనా అసలు సినిమాకి ముందు సర్కారు డాక్యుమెంటరీ వేసి తీరాలి. మూడు వారాలు గడిచాక ఆవిడ మొగుడితో సినిమాకి వెళ్లింది. ఆయన లాడ్జిలో వాచ్‌మన్, నెమ్మదస్తుడు. లైట్లు ఆరగానే తెర మీద తమ వీధి, తమ కొళాయి, ఇల్లంత ఎత్తున తన మొహం! పోనీలే, నా మాట దేశమంతా వింటుంది అనుకుంది. తెర మీద తన నోరు తెరుచుకుంది. అందులోంచి ఇరవై మంది ఆడవాళ్ల కిలకిలలు వచ్చాయి.

“అది నేను కాదు!” అని ఆవిడ ఒక్కసారి లేచి నిలబడింది. “నేనన్నది అది కాదు! నేను గొట్టం పీకమన్నాను!”

“కూర్చోవమ్మా, బొమ్మ కనబడటం లేదు,” అన్నారు వెనక వరసవాళ్లు.

“ఆ బొమ్మ నేనేనయ్యా!”

“ఆవిడ మొహం ఎంత కళగా ఉందో చూడు, నువ్వూ ఉన్నావు,” అన్నాడొకడు. హాలంతా గొల్లుమంది. మొగుడు కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. ఆ రోజు అసలు సినిమాలో ఏం జరిగిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

అక్కణ్నుంచి ఆ షాటుకి రెక్కలొచ్చాయి. ఆనకట్ట కట్టారు, ఆవిడ ఆనందించింది. కొత్త రైలు వేశారు, ఆవిడ ఆనందించింది. ప్రభుత్వం మారింది, ఆనందించింది. పాతది మళ్లీ వచ్చింది, దానికీ ఆనందించింది. దేశం ఆటల్లో గెలిచిన రోజున ఆవిడ జ్వరంతో మూలుగుతూ పడుకుని ఉంది, అయినా సాయంత్రానికల్లా తెర మీద చెయ్యెత్తి ఆనందించనే ఆనందించింది.

అప్పటిదాకా ఈ దేశం వాళ్లు తాము ఎలాంటివాళ్లమో పెద్దగా పట్టించుకోలేదు. కొందరు కోపిష్టివాళ్లు, కొందరు మంచివాళ్లు, ఎక్కువమంది తీరిక లేనివాళ్లు, అంతే. డాక్యుమెంటరీ చూశాక తెలిసొచ్చింది, తాము నవ్వే జనమని! వాచకంలో పాఠం పెట్టారు. ‘మనం కష్టంలోనూ నవ్వుతాం’ అని పిల్లలు బట్టీ పట్టారు, నవ్వనివాళ్లని పంతులుగారు బెంచీ ఎక్కించారు. ఫొటో స్టూడియోలో ఎవరు కూర్చున్నా ఫొటోగ్రాఫరు “చెయ్యెత్తండి, నోరు తెరవండి, ఆఁ, నవ్వులమ్మలాగా!” అనేవాడు. పరాయి దేశస్తుడెవడో వచ్చి పుస్తకం రాస్తూ, ఇక్కడివాళ్లు నీళ్లు లేకపోయినా నవ్వుతారని మెచ్చుకున్నాడు. ఆ వాక్యాన్ని విమానాశ్రయంలో గోడ మీద రాయించారు. ఎవరికైనా ఒళ్లు మండి గట్టిగా మాట్లాడితే, “ఇది మన పద్ధతేనా?” అని పక్కవాళ్లే నోరు మూయించడం మొదలుపెట్టారు. మూయించినవాళ్ల ఇళ్లల్లోనూ నీళ్లు లేవు, అది వేరే సంగతి.

ఇదంతా ఆవిడ భరించేదే. దేశం ఏమనుకుంటే ఆవిడకేం? ఆవిడకి కావలసింది గుమ్మం ముందు నీళ్లు. అసలు పీటముడి అక్కడే పడింది. కొళాయికి నీళ్లు రావడం లేదని అర్జీ పట్టుకుని నీళ్ల ఆఫీసుకి వెళ్తే, గుమాస్తా ఫైలు తిరగేసి ఆవిడ వైపే తిప్పాడు. అందులో ‘కొళాయి ఇచ్చాం. నీళ్లు వచ్చాయి. ప్రజలు సంతోషించారు. సాక్ష్యం: చలనచిత్రం’ అని రాసుంది.

“ఆ సాక్ష్యంలో ఉన్నది నేనే బాబూ. నేను సంతోషించలేదు.”

గుమాస్తా వెనక్కి తిరిగి గోడ మీది క్యాలెండరు చూశాడు. మళ్లీ ఆవిడని చూశాడు. “ఏమ్మా, పోలిక ఉంది కానీ, ఆవిడ ఇలా ఉండదే,” అన్నాడు.

నలభై ఏళ్లలో పద్దెనిమిది అర్జీలు పెట్టింది. గుమాస్తాలు మారారు, క్యాలెండరు ఏటా మారింది, బొమ్మ మారలేదు. మొగుడు పోయాడు. మోకాళ్లు అరిగిపోయాయి. కొడుకు బస్సు డ్రైవరు, తెల్లవారకముందే డ్యూటీకి పోతాడు. ఇప్పుడు మెట్ల మీద బిందెలు మోసేది కోడలు. కిందటేడు వానలో డెబ్బయ్యో మెట్టు దగ్గర రెండు బిందెలతో జారిపడి కోడలి కుడి ముంజేయి విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి సరిగ్గా తిరగడం లేదు. ఎడమచేత్తో మోస్తూ, “నాకేం నొప్పి లేదత్తయ్యా,” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నవ్వులమ్మకి ఆ ఇత్తడి మూతిని రాయి పెట్టి కొట్టాలనిపిస్తుంది. తన బతుకు ఎలాగూ మెట్ల మీదే అయిపోయింది. కోడలి బతుకు కాకూడదు. ఆవిడకి మిగిలిన కోరిక అదొక్కటే.

అలాంటి సమయంలో ఫిల్ముల ఆఫీసు నుంచి డైరెక్టరమ్మాయి ఒకతె వెతుక్కుంటూ వచ్చింది. పాతికేళ్లుంటాయి, భుజాన పెద్ద సంచీ. నవ్వే దేశానికి నలభై ఏళ్లు నిండాయట, దాని మీద కొత్త డాక్యుమెంటరీ తీస్తున్నారట. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరాక, “ఆ రోజు మీకంత సంతోషం ఎందుకేసింది పిన్నిగారూ?” అని అడిగింది.

ఆ తర్వాత గంటసేపు నవ్వులమ్మ చెబుతూనే ఉంది. ట్యాంకరు, గొట్టం, రేకు డబ్బా, పద్దెనిమిది అర్జీలు, కోడలి చెయ్యి, అన్నీ ఆ పిల్ల విన్నది. చివర్లో కళ్లు తుడుచుకుంది.

“పిన్నిగారూ, ఇది బయటికి రావాలి. మీరు ఆ రోజు ఏమన్నారో అదే మళ్లీ అనండి. ఇప్పుడు మా కెమెరాకి చెవులున్నాయి. అతికించే పనే లేదు. ఏ చప్పుడు వస్తే అదే ఉంటుంది.”

మంచి పిల్ల. ఆ మాట ఎన్నిసార్లయినా ఒప్పుకోవాల్సిందే. అన్నట్టుగానే వారం తిరక్కుండా మనుషులతో దిగింది. నవ్వులమ్మని గుమ్మంలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు అంతా చెప్పించింది. ఆ తర్వాత, ఆ రోజు మోసం ఎలా జరిగిందో చూపించాలంటే జరిగింది జరిగినట్టే తీయాలంది. కొళాయిలో నీళ్లు రావాలి కదా. అందుకని ట్యాంకరు తెప్పించింది. వెనక సందులో పెట్టించింది. గోడకి పాత కంత అలాగే ఉంది. గొట్టం అందులోంచే దూరింది.

“రెండోసారి కూడా ట్యాంకరేనా అమ్మాయ్?” అంది నవ్వులమ్మ.

“ఇది నిజం చెప్పడానికి పిన్నిగారూ,” అంది ఆ పిల్ల.

బకెట్టు బోర్లించారు. ఆవిడని చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. కెమెరా తిరిగింది. కొళాయి విప్పారు. నలభై ఏళ్ల తుప్పు ఎర్రగా కక్కి, ఆ తర్వాత తేటగా, లావుపాటి ధారగా నీళ్లు పడ్డాయి. ఆవిడ తిట్టడానికి చెయ్యెత్తింది, నోరు తెరిచింది. కానీ వీధంతా అప్పటికే బిందెలతో, బకెట్లతో, గిన్నెలతో ఎగబడింది. సినిమా నీళ్లయితేనేం, నీళ్లు నీళ్లేగా! అందరికంటే ముందు కోడలు ఉంది. బిందె నింపి, ఎడమచేత్తో నడుముకెత్తుకుని, ఇంట్లోకి నడిచి, ఖాళీ బిందెతో పరిగెత్తుకుంటూ తిరిగొచ్చింది.

“అత్తయ్యా! ఎనిమిది అడుగులే! లెక్కపెట్టాను, ఇంట్లోకి ఎనిమిదే అడుగులు!”

పెళ్లై వచ్చిన పన్నెండేళ్లలో కోడలి మొహం అలా వెలగడం ఆవిడ చూడలేదు. తిట్లు గొంతులోనే ఆగిపోయాయి. చెయ్యి అలాగే పైకెత్తి ఉండగా, బకెట్టు మీద నిలబడి, నవ్వులమ్మ నవ్వింది. వీధివాళ్లు బిందెలు వదిలేసి ఆశ్చర్యంగా చూశారు. కెమెరా కూడా చూసింది.

మూడు నెలలయ్యాక సినిమా వీధికి వచ్చింది. మెట్ల కింద బడిలో, మధ్యాహ్నం నాలుగింటికి, కిటికీలకి అట్టలు కొట్టి వేశారు. తెర లేకపోతే లాడ్జి నుంచి దుప్పటి అడిగి కట్టారు. దాన్ని ముందురోజు ఉతికింది ఆవిడే. ముందు వరసలో ఫిల్ముల ఆఫీసరు, నీళ్ల ఆఫీసు గుమాస్తా కూర్చున్నారు. ఆఫీసరు లేచి ఉపన్యాసం ఇచ్చాడు. ఈ సినిమాలో అతికించిన చప్పుడు ఒక్కటి కూడా లేదనీ, ఈసారి ప్రజల అసలు గొంతు దేశానికి వినిపిస్తున్నామనీ చెప్పాడు. డైరెక్టరమ్మాయి మాత్రం నవ్వులమ్మ పక్కన తలొంచుకుని కూర్చుంది.

“పిన్నిగారూ, మీరు చెప్పిందంతా నేను పెట్టాను. నిడివి ఎక్కువైందని పైవాళ్లు కోసేశారు,” అంది మెల్లగా.

“ఏం మిగిలింది అమ్మాయ్?”

ఆ పిల్ల సమాధానం చెప్పేలోపు దుప్పటి మీద అది వచ్చేసింది. చెయ్యెత్తి, నోరు తెరిచి, అరవై మూడేళ్ల మొహం. ఈసారి ఇరవై మంది ఆడవాళ్ల కిలకిలలు కావు, అచ్చంగా తన నవ్వే. ‘నలభై ఏళ్ల తర్వాతా అదే నవ్వు’ అంది గంభీరమైన మగగొంతు. గుమాస్తా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకుంటున్నాడో ఆవిడకి చదవకుండానే తెలిసింది. నీళ్లు వచ్చాయి, ప్రజలు మళ్లీ సంతోషించారు. తన జన్మలో ఒక్కసారి మనసారా నవ్వినందుకు కోడలి మెడకి ఆ తొంభై ఆరు మెట్లు తనే తగిలించింది. ఆవిడకి ఏడుపొచ్చింది.

అప్పుడు వినిపించింది. నవ్వు వెనకాల, నీళ్ల ధార వెనకాల, డుగుడుగుడుగుమని. తీసినరోజు బిందెల గోలలో ఎవరూ పట్టించుకోలేదు. చెవులున్న కెమెరా మాత్రం విన్నది. ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ నీడ దుప్పటి మీద తన మొహానికే అడ్డం పడింది.

“ఆపండి! ఆ చప్పుడేంటి?”

“అది నేపథ్య సంగీతం అమ్మా,” అన్నాడు ఆఫీసరు.

“ట్యాంకరు మోటారయ్యా అది! నీ సినిమాయే చెబుతోంది, విను!”

కూర్చోవమ్మా అని ఈసారి ఎవరూ అనలేదు. “మోటారే! మోటారే!” అని వెనక వరస లేచింది. “గొట్టం పీకి చూపించండి!” అని మధ్య వరస లేచింది. కోడలు విరిగిన చెయ్యే పైకెత్తి అరిచింది. నవ్వే జనం నలభై ఏళ్లుగా దాచుకున్న గొంతంతా ఆ గదిలో బద్దలైంది. కిటికీ అట్టలు ఊడిపడ్డాయి. గోలలోనూ నవ్వులమ్మ ఒకటి గమనించింది. జనం చప్పట్లు పట్టుకుందామని ఆఫీసు సౌండు మనిషి బల్ల మీద పెట్టిన రికార్డింగు మిషనుకి ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. హమ్మయ్య, ఈసారి డబ్బాలోకి మా మాటే ఎక్కింది అనుకుంది.

“రాసివ్వండి, తప్పకుండా చర్య తీసుకుంటాం,” అన్నాడు ఆఫీసరు, తలుపు వైపు జరుగుతూ.

అక్కడే రాసిచ్చారు. ఆవిడ చెబుతుంటే కోడలు ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది. పద్నాలుగో నిమిషం దగ్గర ట్యాంకరు మోటారు చప్పుడు వినవచ్చనీ, అదే సాక్ష్యంగా తీసుకుని తమ వీధికి నీళ్ల గొట్టం వేయించాలనీ రాశారు. పంతొమ్మిదో అర్జీ. వీధంతా సంతకాలు పెట్టింది. డైరెక్టరమ్మాయి కూడా పెట్టింది. ఆ సంతకం పెట్టినందుకు ఆమెని రేకు డబ్బాల గదికి బదిలీ చేశారని తర్వాత తెలిసింది.

జవాబు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నలభై ఏళ్లలో అంత తొందరగా ఏ ఆఫీసూ జవాబివ్వలేదు. పొద్దున్నే తపాలా మనిషి తెచ్చిన కవరు మీద ఆవిడ బొమ్మే ఉన్న బిళ్ల. కోడలు చించి చదివింది.

“మీ ఫిర్యాదును నిపుణుల సంఘం పరిశీలించినది. పద్నాలుగవ నిమిషమున మోటారు శబ్దము వినబడుట వాస్తవమని తేలినది. కావున సదరు శబ్దమును చిత్రము నుండి తొలగించడమైనది. దాని స్థానమున, ప్రదర్శన దినమున మీ వీధి ప్రజలు వ్యక్తపరచిన హర్షధ్వానములను చేర్చడమైనది. ఇందుతో మీ ఫిర్యాదు పూర్తిగా పరిష్కరించబడినది.”

గుమ్మం ఎదురుగా కొళాయి మూతి మీద కాకి వాలి, ముక్కుతో రెండుసార్లు పొడిచి చూసి ఎగిరిపోయింది.

“అత్తయ్యా,” అంది కోడలు, కాగితం మడిచి. “హర్షధ్వానాలంటే, మనం అరిచిందేనా?”

“అదే,” అంది ఆవిడ. గోడ పట్టుకుని లేచి, కోడలి చేతిలోంచి పెద్ద బిందె తను తీసుకుంది. “నీ గొంతు కూడా ఎక్కిందే పిల్లా. ఇక మీదట నువ్వూ ఆనందిస్తావు.”

ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఆవిడ మోకాళ్ల కోసం కోడలు మెట్టుకొకసారి ఆగుతోంది.